పసుపు కుంకుమ స్థలం అమ్మి స్టాక్‌హోమ్‌లో ఇల్లు కొనాలా?

ఈసారి వచ్చిన ఉత్తరం స్వీడన్ నుంచి. చాలా వివరంగా రాశారు. రాసినవారు ఎవరో తెలియకుండా ఉండేలా కొన్ని వివరాలు తీసేసి, సారాంశం ఇస్తున్నాను.

ఆమెది కృష్ణా జిల్లా. విజయవాడలో ఒక ఆసుపత్రి ఫార్మసీలో ఎనిమిదేళ్లు పనిచేశారు. భర్త టెలికాం ఇంజనీరు. రెండున్నరేళ్ల కిందట ఆయనకు స్టాక్‌హోమ్ శివారు కిస్టాలో ఉద్యోగం వచ్చింది. ఏడాది తరువాత ఈమె ఉద్యోగం మానేసి పాపతో వెళ్లారు. పాపకు ఇప్పుడు నాలుగేళ్లు. మొదట కంపెనీ ఇచ్చిన ఫ్లాటులో కొన్ని వారాలున్నారు. తరువాత సోల్నాలో స్నేహితుల ఇంట్లో ఒక గదిలో ఉన్నారు. పోయిన అక్టోబరు నుంచి యాకోబ్స్‌బర్గ్‌లో, తెలిసినవాళ్లు చూపించిన ఒక సెకండ్ హ్యాండ్ అద్దె ఇంట్లో, అంటే అద్దెకున్నాయన మళ్లీ అద్దెకిచ్చిన ఇంట్లో ఉంటున్నారు. అద్దె నెలకు 14,500 క్రోనాలు. ఒకరోజు ఇంటాయన పేరిట వచ్చిన కవరు పొరపాటున తెరిస్తే, అసలు హౌసింగ్ కంపెనీకి ఆయన కడుతున్నది 8,200 అని తెలిసింది. "ఈ అడ్రసు మీద రిజిస్టర్ చేసుకోవద్దు, తలుపు మీద మీ పేరు పెట్టొద్దు" అని ఆయన ముందే చెప్పారట. అందుకని ప్రభుత్వ రికార్డుల్లో వీళ్లు ఇప్పటికీ సోల్నా స్నేహితుల ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. పాప ప్రీస్కూలు కూడా సోల్నాలోనే. ఆగస్టు ఆఖరుకి ఈ ఇల్లు ఖాళీ చేయాలి.

ఇక అసలు గొడవ. ఆమె పెళ్లప్పుడు తండ్రి పసుపు కుంకుమ కింద విజయవాడ దగ్గర ఒక ఇళ్ల స్థలం ఇచ్చారు. ఇప్పుడు దాని విలువ సుమారు 40 లక్షల రూపాయలు. యాకోబ్స్‌బర్గ్‌లోనే 24 లక్షల క్రోనాలకు ఒక ఫ్లాటు అమ్మకానికి ఉంది. అందులో 15 శాతం సొంతంగా తెచ్చుకోమని బ్యాంకు చెప్పింది. "నీ స్థలం అక్కడ ఊరికే పడి ఉంది కదా, అమ్మేద్దాం" అన్నారట భర్త. ఆ మాట దగ్గర నుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. ఇంకోవైపు, లక్షన్నర క్రోనాలు చేతిలో పెడితే ఫస్ట్ హ్యాండ్ కాంట్రాక్టు, అంటే హౌసింగ్ కంపెనీతో నేరుగా అద్దె ఒప్పందం, ఇప్పిస్తానని ఒకాయన చెబుతున్నాడు.

ఆమె మాటల్లోనే చివరి వాక్యాలు: "ఇల్లు కొంటే ఇక్కడే ఇరుక్కుపోతామని భయం. కొనకపోతే ఎప్పటికీ సూట్‌కేసులతోనే బతకాలేమోనని భయం. అమ్మ వీడియో కాల్ చేస్తే కిటికీ ఉన్న వైపు మాత్రమే చూపిస్తాను. నేను ఉద్యోగం చేసిన మనిషినని నాకే గుర్తు ఉండటం లేదు. ఏం చేయమంటారు?"

అమ్మా, మీ ఉత్తరం చదివాక నాకు మొదట తోచింది చెబుతాను. ఆగస్టు ఆఖరుకి తల దాచుకోవడానికి ఒక ఇల్లు కావాలి. అది ఒక అవసరం. స్వీడన్‌లో సొంత ఇల్లు కొనాలా వద్దా అన్నది ఇంకో నిర్ణయం. మీ ఇంట్లో ఈ రెండూ ఒకటైపోయాయి. ఆగస్టు తరుముకొస్తోంది కాబట్టి ఫ్లాటు కొనాలి, ఫ్లాటు కొనాలి కాబట్టి స్థలం అమ్మాలి, స్థలం అమ్మాలి కాబట్టి మీరు ఒప్పుకోవాలి. మీ మీద ఒత్తిడి ఇలా దిగింది. నెలల్లో తేలాల్సిన అవసరం కోసం పదేళ్ల నిర్ణయాన్ని వారాల్లో తీసుకోకండి. నేను రాయబోయేదంతా ఈ రెండింటినీ విడదీయడానికే.

ముందు మీ తప్పు ఏమీ లేదని నమ్మండి. స్టాక్‌హోమ్‌లో ఇల్లు దొరకకపోవడం మీ చేతకానితనం కాదు. అక్కడ అద్దెలను మార్కెట్ నిర్ణయించదు. ఇంటి యజమానులకూ అద్దెదారుల సంఘానికీ మధ్య బేరసారాల్లో తేలతాయి. అందుకే ఫస్ట్ హ్యాండ్ కాంట్రాక్టు ఉన్నవాళ్లకు అద్దె తక్కువ, భద్రత ఎక్కువ. ఒకసారి దొరికితే ఎవరూ వదలరు. నగర హౌసింగ్ ఏజెన్సీ బోస్టాడ్స్‌ఫర్మెడ్లింగెన్ క్యూలో లక్షల మంది ఉన్నారు. సగటున తొమ్మిదేళ్లు, నగరం నడిబొడ్డున అంతకన్నా ఎక్కువే పడుతుంది. అక్కడ పుట్టిన పిల్లలు పద్దెనిమిదేళ్లు నిండగానే క్యూలో చేరతారు. మీరు నిన్నగాక మొన్న చేరారు. మీ ఆయన పేరు ఒక్కటే క్యూలో ఉందని రాశారు. మీ పేరూ చేర్చండి. ఏడాదికి 200 క్రోనాలు. క్యూలో గడిచిన రోజుల లెక్క మీ సొంతం, ఎవరూ తీసుకోలేరు. ఈ ఆగస్టుకు అది అక్కరకు రాకపోవచ్చు, కానీ పాప పెద్దయ్యేనాటికి వస్తుంది. కొత్తగా కట్టిన, అద్దె ఎక్కువగా ఉండే ఇళ్లకు ఇంత వెయిటింగ్ ఉండదు. వాటికి దరఖాస్తు పెడుతూ ఉండటం ఇప్పటి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడున్న ఇంటి సంగతికి వస్తాను. నాకు అన్నింటికన్నా ఎక్కువ ఆందోళన కలిగించింది అద్దె కాదు, అడ్రసు.

స్వీడన్‌లో మనిషి ఎక్కడ ఉంటున్నాడో అక్కడే రిజిస్టర్ అయి ఉండాలి. ఇల్లు మారిన వారంలోపు స్కాట్టెవర్కెట్‌కు, అంటే పన్నుల శాఖకు, తెలియజేయాలి. తెలిసీ తప్పుడు అడ్రసు మీద ఉండటాన్ని 2018 నుంచి నేరంగా కూడా పరిగణిస్తున్నారు. ప్రీస్కూలు సీటు, స్వీడిష్ భాష తరగతులు, ఇంటికి వచ్చే ప్రభుత్వ ఉత్తరాలు అన్నీ ఆ అడ్రసు మీదే నడుస్తాయి. వర్క్ పర్మిట్ మీద ఉన్న కుటుంబానికి రికార్డుల్లో ఇలాంటి తేడా ఉండటం మంచిది కాదు. మీకు ఇల్లిచ్చినాయన వద్దన్నారని మానేశారు. కానీ రిజిస్టర్ చేసుకోవడానికి ఆయన అనుమతి అక్కర్లేదు. ఆయన ఎందుకు వద్దన్నారంటే, హౌసింగ్ కంపెనీ అనుమతి లేకుండా ఇల్లు అద్దెకిచ్చి ఉంటారు. తలుపు మీద పేరు పెట్టొద్దనడానికి కూడా వేరే కారణం కనిపించడం లేదు. అది కంపెనీకి తెలిస్తే ఆయన కాంట్రాక్టు పోవచ్చు. ఆయన భయాన్ని మీరు మోస్తున్నారు.

ఇక్కడ మీకు రెండు దారులున్నాయి. ఒకటి, ఇప్పుడే వెళ్లి నిజం చెప్పి అడ్రసు సరిచేసుకోవడం. దీనివల్ల ఇంటాయనకు కోపం రావచ్చు, ఆగస్టు కన్నా ముందే ఖాళీ చేయమని ఒత్తిడి పెట్టవచ్చు, హౌసింగ్ కంపెనీకి తెలిస్తే ఇల్లు త్వరగా వదలాల్సి రావచ్చు. పాప సోల్నా ప్రీస్కూలు సీటు కూడా మారవచ్చు. మీరుండే యార్‌ఫెల్లా మున్సిపాలిటీలో దరఖాస్తు పెడితే, నాలుగు నెలల్లోపు సీటు చూపించాల్సిన బాధ్యత వాళ్లది. రెండో దారి, ఆగస్టులో కొత్త ఇంటికి మారాక అప్పటి నుంచి సరిగ్గా రిజిస్టర్ చేసుకోవడం. వినడానికి సులువుగా ఉంటుంది గానీ, చట్టం మీకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. మధ్యలో ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి జవాబు ఉండదు. నేనైతే మొదటి దారే ఎంచుకునేదాన్ని. తామంతట తాము వచ్చి సరిచేసుకున్న వాళ్లనూ, విచారణలో దొరికిన వాళ్లనూ ఏ ఆఫీసైనా ఒకేలా చూడదు. పైగా తప్పుడు అడ్రసు ఇచ్చి సాయం చేసిన మీ సోల్నా స్నేహితులు కూడా ఇబ్బందిలో పడకుండా ఉంటారు.

అద్దె సంగతి. మీరున్నది అద్దె అపార్ట్‌మెంటు, అంటే ఇంటాయన కూడా అద్దెదారే. అలాంటి ఇంటిని మళ్లీ అద్దెకిస్తే తాను కట్టే అద్దె మాత్రమే తీసుకోవాలి. ఫర్నిచర్ ఉంటే ఆ అద్దె మీద 15 శాతం వరకు వేసుకోవచ్చు. కరెంటు, ఇంటర్నెట్ లాంటివి వాడితే వాటి అసలు ఖర్చు తీసుకోవచ్చు. 8,200 మీద 15 శాతం అంటే 9,430. మీరు కడుతున్నది 14,500. నెలకు దాదాపు అయిదు వేల క్రోనాలు అదనం. అక్టోబరు నుంచి ఆగస్టు వరకు లెక్క వేస్తే 50 వేలు దాటుతుంది. హీరెస్‌నెమ్డెన్ అనే అద్దె ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెడితే ఈ అదనం తిరిగి ఇప్పించే వీలుంది. దరఖాస్తుకు ఫీజు లేదు. ఇల్లు ఖాళీ చేసిన మూడు నెలల్లోపు పెట్టాలి. కాంట్రాక్టు, బ్యాంకులో కట్టిన రుజువులు, మెసేజ్‌లు అన్నీ ఇప్పుడే ఒకచోట భద్రం చేయండి. అసలు అద్దె ఎంతో మీకు తెలిసిన కవరు మాత్రం ఆయన పేరిట వచ్చింది. దాన్ని తిరిగి ఇచ్చేయండి. ఆ అంకెను ట్రిబ్యునల్ ఆయన్నే అడుగుతుంది.

దీని పర్యవసానం కూడా ఆలోచించుకోండి. ఇల్లు చూపించింది తెలిసినవాళ్లు. రేపు ఉగాదికో వినాయక చవితికో అందరూ ఒకే హాల్లో కలుస్తారు. "సాయం చేస్తే కేసు పెట్టారు" అనే మాట రావచ్చు. ఆ మాట పడటం మీకు ఇష్టం లేకపోతే, ముందు ఆయనతోనే మర్యాదగా మాట్లాడి కొంత వెనక్కి అడగవచ్చు. అదీ ఇష్టం లేకపోతే వదిలేయవచ్చు. అది మీ ఇద్దరి నిర్ణయం. ఒక్కటి మాత్రం చెప్పాలి. మన భాష మాట్లాడేవాళ్లు కొత్తగా వచ్చిన మనవాళ్ల భయాన్ని ఆసరా చేసుకుని ఇలా తీసుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఎవరూ అడగరు కాబట్టే ఇది సాగుతోంది. మీరు అడిగితే తప్పు చేసినవారు మీరు కారు.

లక్షన్నర క్రోనాలకు కాంట్రాక్టు ఇప్పిస్తానన్నాయన సంగతిలో మాత్రం నేను రెండు దారులు చూపించను. అద్దె కాంట్రాక్టులు అమ్మడం పాత నేరం. 2019 అక్టోబరు నుంచి కొనడం కూడా నేరమే. ఆ డబ్బు పోతే పోలీసుల దగ్గరకు వెళ్లే అవకాశం కూడా ఉండదు. ఆ ఫోన్ ఇక ఎత్తకండి.

ఇక ఆగస్టు. జులైలో స్వీడన్ సగం సెలవులో ఉంటుంది. మెయిల్ పెడితే జవాబు రాదు. ఆగస్టులో విద్యార్థులు దిగి పోటీ పెరుగుతుంది. అందుకని జూన్ నెల మీకు బంగారం. కాసా (Qasa) లాంటి అద్దె ఇళ్ల వెబ్‌సైట్లలో ప్రొఫైల్ పెట్టండి. అందులో ముగ్గురి గురించి నాలుగు మంచి వాక్యాలు రాయండి: ఆయన ఉద్యోగం, పాప వయసు, పొగ తాగరు, ఎంతకాలం కావాలి. అక్కడి ఇళ్లవాళ్లు దాన్ని శ్రద్ధగా చదువుతారు. మీ ఆయన కంపెనీ హెచ్‌ఆర్‌ను కూడా అడగమనండి. ఇంటి కోసం అడగడం ఆ దేశంలో సిగ్గుపడాల్సిన విషయం కాదు. చూడకుండా ఎవరికీ అడ్వాన్స్ పంపకండి. యజమాని విదేశాల్లో ఉన్నానని, తాళాలు కొరియర్‌లో పంపుతానని చెబితే అది మోసమే. కాంట్రాక్టు రాయకముందే మూడు విషయాలు అడగండి: ఇల్లు ఆయన సొంతమా, అద్దెదా? హౌసింగ్ కంపెనీ లేదా ఫ్లాటు ఓనర్ల సొసైటీ బోర్డు రాతపూర్వక అనుమతి ఉందా? మేం ఈ అడ్రసు మీద రిజిస్టర్ చేసుకోవచ్చా? మూడో దానికి "వద్దు" అంటే ఇల్లు ఎంత బాగున్నా వదిలేయండి. ఇంకో విషయం, స్వీడన్ ప్రకటనల్లో రెండు గదులంటే హాలుతో కలిపి రెండు. మనం సింగిల్ బెడ్‌రూమ్ అనుకునేదే అది.

సొంత ఫ్లాటును యజమాని అద్దెకిచ్చేటప్పుడు నియమం వేరు. ఆయన ఇంటి మీద పెట్టిన డబ్బు వడ్డీ, నెలవారీ ఖర్చులు కలిపి అద్దె నిర్ణయిస్తారు కాబట్టి అలాంటివి ఎక్కువగానే ఉంటాయి. కానీ కాగితాలు శుభ్రంగా ఉంటాయి. మీరు ఒక నెల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చు, ఆయన మూడు నెలల ముందు చెప్పాలి. సొసైటీ బోర్డులు చాలావరకు ఏడాదికి ఒకసారి అనుమతి ఇస్తాయి. అంటే మళ్లీ ఏడాదిలో మారాల్సి రావచ్చు. అయినా సరైన అడ్రసుతో ఉండే ఏడాది వేరు.

కిస్టాకు దగ్గరగానే ఉండాలని పట్టుబట్టకండి. మేర్‌స్టా, ఉప్‌లాండ్స్ వేస్బీ వైపు వెళితే కమ్యూటర్ రైలు ఉంటుంది. ఉప్సాలా నుంచి స్టాక్‌హోమ్‌కు రైల్లో 40 నిమిషాలు. మీ ఆయనకు వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పని చేసే వీలుంటే వేస్టెరోస్ కూడా ఆలోచించదగిన ఊరే. చిన్న ఊరికి వెళితే ఇల్లు పెద్దగా, చౌకగా దొరుకుతుంది. తెలుగువాళ్లు తక్కువ ఉంటారు, ప్రయాణం పెరుగుతుంది, ఆయన సాయంత్రం ఇంటికి వచ్చే సమయం ఆలస్యమవుతుంది. నవంబరు తరువాత ఆ ఆలస్యం మీకే ఎక్కువ తెలుస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నం మూడింటికి ముందే సూర్యుడు అస్తమించే చోట, ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషికి ఒక గంట కూడా పెద్దదే.

ఇప్పుడు ఇల్లు కొనే విషయం. మీ ఆయన లెక్క తెలివితక్కువది కాదు. అది ముందు ఒప్పుకోవాలి. 24 లక్షల క్రోనాల ఫ్లాటుకు 15 శాతం మీరు పెడితే 20 లక్షల 40 వేల అప్పు. వడ్డీ మూడున్నర శాతం అనుకుంటే నెలకు ఆరు వేలకు కొంచెం తక్కువ. అసలులో ఏడాదికి 2 శాతం చొప్పున తీర్చమంటే నెలకు 3,400. సొసైటీ నెలవారీ ఫీజు ఒక 4,800 అనుకుందాం. మొత్తం 14 వేల చిల్లర. ఇప్పుడు పరాయి మనిషికి కడుతున్నదీ అంతే. పైగా కట్టిన వడ్డీలో 30 శాతం పన్నులో తగ్గుతుంది. ఏటా ఇల్లు మారే బాధ ఉండదు. ఆయన కళ్ల ముందు ఈ లెక్క ఉంది.

ఆయన లెక్కలో లేనివి కొన్ని ఉన్నాయి. మీరు కొనేది ఇల్లు కాదు, సొసైటీలో వాటా, అందులో ఆ ఫ్లాటులో ఉండే హక్కు. సొసైటీకి అప్పులుంటే ఆ భారం నెలవారీ ఫీజులో మీ మీదే పడుతుంది. 2022 తరువాత వడ్డీలు పెరిగినప్పుడు చాలా సొసైటీలు ఫీజు పెంచాయి, అదే సమయంలో ఫ్లాట్ల ధరలు పడిపోయాయి. అప్పుడు అమ్ముకోవాల్సి వచ్చినవాళ్లు నష్టపోయారు. కాబట్టి ఆ సొసైటీ వార్షిక నివేదిక చదవకుండా సంతకం పెట్టొద్దు. బిల్డింగులో పైపులు మార్చారా, ఇంకా మార్చాలా అన్నది కూడా అందులో ఉంటుంది. యాకోబ్స్‌బర్గ్‌లాంటి శివార్లలో చాలా బిల్డింగులు 1965 నుంచి 1974 వరకు నడిచిన పది లక్షల ఇళ్ల పథకం నాటివి. పైపులు మార్చే పని పెద్ద ఖర్చు. పాత పైపులున్న సొసైటీలో ఫీజు తక్కువగా కనిపిస్తే సంతోషించకండి.

ఇంకొకటి, ఇంతకన్నా ముఖ్యమైనది. మీ ఆయన పర్మిట్ ఉద్యోగంతో ముడిపడి ఉంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి సాధారణంగా కొన్ని నెలలు మాత్రమే ఇస్తారు. ఆ కొద్ది నెలల్లో ఫ్లాటు కూడా అమ్ముకోవాల్సి వస్తే ఎంత టెన్షనో ఊహించుకోండి. తిరిగి వచ్చేసి అద్దెకిచ్చుకుందాం అనుకుంటే, దానికీ సొసైటీ అనుమతి కావాలి, ఎంతోకాలం ఇవ్వరు. అందుకని చాలామంది పర్మనెంట్ పర్మిట్ వచ్చాక, లేదా కనీసం పర్మిట్ ఒకసారి రెన్యువల్ అయ్యాక కొంటారు. అప్పటికి బ్యాంకు కూడా ఇంకాస్త మర్యాదగా మాట్లాడుతుంది.

స్థలం గురించి. పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం ఊరికే పడి ఉండదు. మీ నాన్నగారు అది ఇచ్చింది, ఏ ఊళ్లో ఉన్నా, ఏ పరిస్థితి వచ్చినా మీ చేతిలో మీదంటూ ఒకటి ఉండాలని. ఉద్యోగం వదిలి, జీతం లేకుండా, భాష రాని దేశంలో ఉన్న ఈ సమయంలో మీ పేరిట మిగిలింది అదొక్కటే. దాన్ని తలచుకుంటే మీకు ధైర్యంగా ఉంటుందంటే అందులో స్వార్థం ఏమీ లేదు. మీ ఆయన చెడ్డ ఉద్దేశంతో ఆ మాట అన్నారని నేను అనుకోను. ఆయనకు అది ఒక ఆస్తి, మీకు అది ఒక ఆధారం. ఈ తేడా ఆయనకు తెలియదు, ఎందుకంటే మీరు చెప్పలేదు. మాట పడ్డ రోజు నుంచి మౌనంగా ఉన్నారు. ఆ మౌనం ఆయనకు ఒప్పుకోలులా అర్థమయ్యే ప్రమాదం ఉంది. "స్థలం అమ్మను" అనో "అమ్మడం గురించి ఇప్పుడు నిర్ణయించలేను" అనో నోటితో చెప్పండి. రెండోది చెప్పినా చాలు.

అమ్మాలనే అనుకుంటే కూడా కళ్లు తెరిచి అమ్మండి. మీరిప్పుడు ఎన్నారై. కొనేవాళ్లు ధరలోంచి పన్ను ముందే పట్టుకుని కట్టాలి. ఆ రేటు ఊళ్లో ఉండేవాళ్లకు పట్టేదానికన్నా చాలా ఎక్కువ. తక్కువ పట్టేలా ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, దానికి సమయం పడుతుంది. డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో, అంటే ఇండియాలో వచ్చే ఆదాయం కోసం ఎన్నారైలు తెరిచే బ్యాంకు ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి బయటికి పంపడానికి చార్టర్డ్ అకౌంటెంట్ కాగితాలు కావాలి. ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి ఉంది కాబట్టి మీ మొత్తానికి ఇబ్బంది లేదు. స్వీడన్‌లో స్థిరంగా ఉంటున్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడ లాభం వచ్చినా అక్కడ చూపించాలి. ఇండియాలో కట్టిన పన్నుకు మినహాయింపు ఇచ్చే ఒప్పందం ఉంది. కానీ చూపించకపోతే తప్పు. పన్నులూ ఖర్చులూ పోను 40 లక్షలు 40 లక్షలుగా చేరవు. ఇవన్నీ ఆగస్టులోపు పూర్తవుతాయని ఎవరైనా అంటే నమ్మకండి. ఆగస్టు సమస్యకు స్థలం జవాబు కాదన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఆ డబ్బు ఫ్లాటులోకి వెళితే కాగితం మీద ఎవరి పేరు ఎంత ఉంటుందో ముందే రాయించుకోండి. ఇద్దరి పేర్లా, ఎంతెంత వాటా, అప్పు ఎవరి పేరిట? స్వీడన్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం రాసుకోకపోతే భార్యాభర్తల ఆస్తి సాధారణంగా ఉమ్మడి లెక్కలోకి వస్తుంది. పెళ్లి ఇండియాలో జరిగింది కాబట్టి ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్న ప్రశ్న కూడా ఉంటుంది. ఒక గంట లాయరుకు డబ్బు ఇచ్చి కనుక్కోండి. ఇది అనుమానం కాదు. ప్రేమగా ఉన్న రోజుల్లోనే ఇలాంటివి రాసుకోవడం సులువు. స్థలం ముట్టుకోకుండా కొనే దారి కూడా ఉంది. రెండేళ్లు ఆయన జీతంలోంచి నెలనెలా పక్కన పెట్టి, కొంచెం చిన్నదో దూరమో చూసి కొనవచ్చు. ఆలస్యమవుతుంది, ఈలోగా ధరలు పెరగవచ్చు, తగ్గవచ్చు కూడా. స్థలంలో కొంత భాగం మాత్రమే మీ ఇష్టంతో పెట్టే పద్ధతి కూడా ఆలోచించవచ్చు. మీకు ఏది మనసుకు తేలికగా ఉంటుందో మీరే చూసుకోవాలి.

మీ ఉత్తరంలో ఎక్కడా లేని విషయం ఒకటుంది. ఎన్నేళ్లు ఉందామనుకుని వెళ్లారు? రెండేళ్లా, పదేళ్లా? ఇల్లు కొందామంటున్న మీ ఆయన మనసులో పదేళ్లు ఉన్నాయి. ఇరుక్కుపోతామంటున్న మీ మనసులో తిరిగి వెళ్లే రోజు ఉంది. దీని గురించి మీరిద్దరూ ఒక్కసారి కూడా కూర్చుని మాట్లాడుకోలేదని అనిపిస్తోంది.

ఈ ప్రశ్న మీ ఉద్యోగానికి కూడా సంబంధించినది. అక్కడ ఫార్మసిస్టుగా పనిచేయాలంటే సోషల్‌స్టీరెల్సెన్ అనే ఆరోగ్య శాఖ నుంచి లైసెన్సు కావాలి. యూరప్ బయట చదివినవాళ్లు స్వీడిష్ సీ1 స్థాయిలో, అంటే ధారాళంగా మాట్లాడి రాయగలిగేంత నేర్చుకోవాలి, పరీక్షలు రాయాలి. కొన్నేళ్ల పని అది. రెండేళ్లలో తిరిగి వచ్చేసేట్టయితే ఆ కష్టం పడటంలో అర్థం లేదు. అలాంటప్పుడు ఇంగ్లిష్‌తో నడిచే ఫార్మా కంపెనీల్లో వేరే రకం ఉద్యోగం వెతుక్కోవడం, లేదా విజయవాడ ఉద్యోగానికి పనికొచ్చే ఏదైనా చదువు ఆన్‌లైన్‌లో చేయడం మంచిది. పదేళ్లు ఉండేట్టయితే రేపే భాష మొదలుపెట్టాలి. వలస వచ్చినవాళ్ల కోసం మున్సిపాలిటీ నడిపే ఎస్ఎఫ్ఐ అనే స్వీడిష్ భాష తరగతులు ఉచితం. అవి కూడా సరైన అడ్రసు మీదే. కొనే నిర్ణయం తీసుకునేటప్పుడు మీ ఆయన జీతం, బ్యాంకు వడ్డీతో పాటు మీ లైసెన్సు ఖర్చు, మీ భాష చదువు, ఆ గంటల్లో పాపను ఎవరు చూస్తారన్నది కూడా ఆ లెక్కలో ఉండాలి. "ఇక్కడ ఉందాం" అంటే ఇద్దరికీ జీవితం ఉండాలి. ఒకరి ఉద్యోగానికి ఇంకొకరు కాపలా ఉండటం కాదు.

పాప కూడా మీకొక గడువు చూపిస్తోంది. ఆరేళ్లు నిండే ఏడాది ఆగస్టులో ఆమె బడి మొదలవుతుంది, అది తప్పనిసరి. అప్పటికి ఒకచోట స్థిరపడితే మంచిది, ఎందుకంటే స్నేహాలు, భాష అక్కడి నుంచే గట్టిపడతాయి. అంటే మీ చేతిలో దాదాపు రెండేళ్లున్నాయి. ఈ రెండేళ్లు సరైన కాగితాలున్న అద్దె ఇంట్లో గడిపి, ఈలోగా ఆయన పర్మిట్, మీ భాష, మీ ఇద్దరి మనసు ఎటు వెళుతున్నాయో చూసి, అప్పుడు కొనడమా, వేరే ఊరా, తిరుగు ప్రయాణమా తేల్చుకోవచ్చు. నాకు ఈ దారే మంచిదనిపిస్తుంది. కానీ మళ్లీ ఇల్లు మారే ఓపిక మీకు లేకపోతే, ఆ అలసటకు కూడా విలువ ఉంది. ఓపిక లేదనుకుంటే ఇప్పుడే కొనడం కూడా తప్పు కాదు. కాకపోతే స్థలం జోలికి పోకుండానో, మీ వాటా రాసుకునో.

కొన్నాళ్లు పాపతో విజయవాడ వెళ్లి ఉండాలన్న ఆలోచన మీ ఉత్తరంలో ఒకచోట మెరిసి మాయమైంది. ఒక నెల, రెండు నెలలు వెళ్లి రావడం వేరు. ఎక్కువ కాలమైతే ప్రీస్కూలు సీటు, రిజిస్ట్రేషన్, పర్మిట్ కాలం లెక్కలో తేడాలు వస్తాయి. వెళ్లేముందు అవి కనుక్కోండి. అంతకన్నా ముందు, ఆయనతో ఆ స్థలం గురించిన మాట పూర్తిచేసి వెళ్లండి. మాట్లాడకుండా వెళితే ఆ దూరం ఇంకోలా అర్థమవుతుంది.

అమ్మకు కిటికీ వైపు మాత్రమే చూపిస్తున్నానన్నారు. ఆవిడకు అన్నీ చెప్పి భయపెట్టనక్కర్లేదు. "ఇల్లు మారాలి అమ్మా, వెతుకుతున్నాం, ఇక్కడ ఇల్లు దొరకడం చాలా కష్టం" అని చెప్పండి. ఆడపిల్లను అంత దూరం పంపిన తల్లికి కూతురు ఏదో దాస్తోందని తెలియకుండా ఉండదు. తెలియనిదానికే ఎక్కువ దిగులుపడతారు. ఒకవేళ స్థలం సంగతి మీ నాన్నగారి చెవిన వేయాలనిపిస్తే, అది మీ ఆయన మీద ఫిర్యాదులా కాకుండా, మీ నిర్ణయం మీకు స్పష్టమయ్యాక చెప్పండి. లేకపోతే రెండు కుటుంబాలు మీ తరఫున మాట్లాడటం మొదలుపెడతాయి, మీ గొంతు వినపడదు.

పగలు ఇంట్లో ఒక్కరే ఉండటం గురించి రాశారు. పాపతో కలిసి వెళ్లగలిగే ఓపెన్ ప్రీస్కూళ్లు చాలా మున్సిపాలిటీల్లో ఉంటాయి. అక్కడికి తల్లో తండ్రో తోడుగా వెళ్లాలి. ఫీజు ఉండదు. సెలవుల్లో, పాప బడి లేని రోజుల్లో ఒకసారి వెళ్లి చూడండి. నిద్ర పట్టకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం వారాల తరబడి ఉంటే మీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లి చెప్పుకోండి. చీకటికాలం రాకముందే చెప్పుకోండి.

అద్దె కాంట్రాక్టు ఏదైనా చేతికి వచ్చి, సంతకానికి ముందు సందేహంగా ఉంటే అద్దెదారుల సంఘంలో చేరి వాళ్లకు చూపించండి. సభ్యత్వం నెలకు కొద్ది మొత్తమే, సెకండ్ హ్యాండ్ ఇంట్లో ఉన్నవాళ్లూ చేరవచ్చు. ఇప్పటి ఇంటి అదనపు అద్దె విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నా, ఖాళీ చేసిన రోజు నుంచి మూడు నెలలు లెక్కపెట్టి ఆ తేదీని ఇప్పుడే మీ ఫోన్‌లో పెట్టుకోండి.